దూది గౌను

క్లబ్బు ముందు కౌంటరు నుంచి,
చలికాలం చివర్లో

బొద్దు వదినకు,

మేనమామ కూతురు బతికుందో లేదో కూడా కనుక్కోని నీ రాతిగుండెకు ముందుగా నా నమస్కారం. నాకు కొత్త ఉద్యోగం దొరికింది. డబ్బున్నవాళ్ళు వ్యాయామం చేసుకునే క్లబ్బు. గుమ్మంలో అడుగు పెట్టగానే నల్లరాతి కౌంటరు, దాని మీద పూలకుండీ, దాని వెనక నీ మరదలు. వచ్చినవాళ్ళకు నవ్వుతూ తువ్వాలు అందించడం నా పని.

ఇక్కడివాళ్ళ సంగతి రాస్తే కోతలు కోస్తున్నానంటావు. వీళ్ళు డబ్బు కట్టి మరీ పస్తులుంటారు. కారు దిగి, ఎక్కడికీ పోని రబ్బరు పట్టా మీద రొప్పుతూ పరుగెత్తి, మళ్ళీ కారెక్కి ఇంటికి పోతారు. మెట్లెక్కే యంత్రం మూడో అంతస్తులో ఉంది. దాని దగ్గరికి లిఫ్టులో వెళతారు. ఒకాయనతో నోరు జారి, "మెట్లు ఇటుపక్క ఉన్నాయండీ" అన్నాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "అయితే నువ్వే ఎక్కు, నీకే అవసరం" అన్నాడు.

మధ్యాహ్నం గిన్నెడు పచ్చి ఆకులు నములుతారు. ఆ గిన్నె ఖరీదుకు మా వీధిలో ఇంటిల్లిపాదీ తింటారు. తినేది బన్నులూ, పొట్లాల్లో వచ్చే వేపుళ్ళూ, తీపి రంగునీళ్ళే అనుకో. మా వీధి చివర కొట్లో దొరికేవి అవే. ఆకులు కావాలంటే రెండు బస్సులు మారాలి. అందుకని ఇక్కడ బక్కగా ఉన్నవాడు యజమాని, లావుగా ఉన్నవాడు తుడిచేవాడు. ఒళ్ళు చూసి హోదా చెప్పేయవచ్చు. మా మేనేజరమ్మ ఎంత సన్నమంటే మేమంతా ఆవిడకు ఊచ అని పేరు పెట్టుకున్నాం.

నేనూ ఒళ్ళు చేశాను వదినా. చిన్నప్పుడు నన్ను పుడక అని ఏడిపించేదానివి కదా, ఫొటో పంపుతున్నాను, చూసి కుళ్ళుకో. నువ్వు ఎలాగూ దర్జీవి గనక ఒక్క సాయం చెయ్యి. పొట్టను లోపలికి నొక్కిపట్టే బిగుతు బాడీ ఒకటి కుట్టి పంపు. ఊచ కళ్ళు ఎప్పుడూ నా పొట్ట మీదే ఉంటున్నాయి.

నీ పుడక


కుట్టు దుకాణం నుంచి,
ఎండలు ముదిరిన వారం

పుడకకు, కాదు కాదు, పీపాకు,

నీ ఫొటో చూసి ఇక్కడ అందరూ ముక్కున వేలేసుకున్నారు. పక్కింటావిడైతే, "ఎంత నిండుగా ఉందండీ మీ మరదలు! బాగా కూడబెట్టినట్టుంది" అంది. మీ అన్నయ్య దాన్ని లారీ అద్దం పక్కన అంటించుకుని "మా చెల్లెలు" అని దారిపొడుగునా చూపిస్తున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నా ఫొటో ఆ లారీ ఎక్కింది లేదు.

నువ్వేమో పొట్ట దాచమంటున్నావు. ఇక్కడ పొట్ట లేక నా కొంప మునిగేలా ఉంది. ఏడాది దాటింది, రోజురోజుకీ తగ్గిపోతున్నాను. బొద్దు వదిన అనే పేరు నీ నోట్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. చిక్కిపోయిన దర్జీకి గుడ్డ ఇవ్వడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? "ఆవిడకే జరగడం లేదు, మన గుడ్డ మిగలనిస్తుందా" అని వెనకాల అంటున్నారు. ఎదురు కొట్టు దర్జీకి కాజా కుట్టడం కూడా సరిగ్గా రాదు. కానీ ఆయన కంటే ముందు ఆయన బొజ్జ నడుస్తుంది, దాని వెనక గిరాకీ నడుస్తుంది.

ఇక్కడ ఒళ్ళుంటేనే మనిషి. షావుకారమ్మ కొలతలకు వచ్చి, "నాకు షుగరు కదా, నడుము దగ్గర కాస్త వదులుగా పెట్టు" అంటుంది, కొత్త నగ చేయించుకున్నానని చెప్పే గొంతుతో. వాళ్ళాయనకూ షుగరే. మరిదికి ఇంకా రాలేదని ఆ ఇంట్లో అతనంటే కాస్త చిన్నచూపు.

అందుకని ఒక పని చేశాను, నవ్వకు. మందపాటి పూలగుడ్డతో గౌను కుట్టి, నడుము దగ్గర, భుజాల దగ్గర, చేతుల పొడుగునా లోపల అరలు కట్టి దూది కూరాను. అది తొడుక్కుని గుమ్మంలో నిలబడితే, "ఏమండీ, మళ్ళీ కోలుకున్నారే!" అని పలకరిస్తున్నారు. పోయిన గిరాకీ మెల్లగా తిరిగొస్తోంది. ఈ ఎండలో ఆ దూదితో ఉడికి చస్తున్నాననుకో. దాహం చెప్పనలవి కాదు. మిషనునే నీళ్ళ కుండ పక్కకు జరుపుకున్నాను.

చిక్కిపోతున్నానని పోయినేడు డాక్టరుగారికి చూపించుకున్నాను. "ఏమ్మా, నీరసమా? సరిగ్గా తిను" అని టానిక్కు రాశాడు. తియ్యగా, బాగానే ఉంటుంది. సీసాల మీద సీసాలు తాగుతున్నాను. ఒక్క బాధేమిటంటే సూదిలో దారం ఎక్కడం లేదు. కళ్ళ ముందు మసక. అవి పోతే మాత్రం దుకాణానికి తాళమే, ఏ దూదీ కాపాడదు.

నీ బాడీ కుట్టి పంపుతున్నాను. ఊపిరి ఆడకపోతే నన్ను తిట్టకు.

వదిన


క్లబ్బు ముందు కౌంటరు నుంచి,
ఎండాకాలం మధ్యలో

దూది వదినకు,

బాడీ అందింది. తొడుక్కుంటే పొట్ట లోపలికి పోయింది, దాని వెనకాలే ఊపిరీ పోయింది. ఊచ మెచ్చుకోలుగా తలాడించింది కాబట్టి చచ్చినా విప్పను.

నీ ఉత్తరం చదివి కుళ్ళుకున్నాను, అబద్ధం ఎందుకు? చిక్కిపోతున్నానని ఏడుస్తావేమిటి వదినా! నీకు ఊరికే వచ్చిపడిన ఆ నడుము కోసం ఇక్కడివాళ్ళు ఆస్తులు రాసిస్తారు. నువ్వు ఒక్కసారి ఈ గుమ్మంలో అడుగు పెడితే ఊచ స్వయంగా కుర్చీ వేస్తుంది. "ఏం తింటారు? ఏం మానేశారు?" అని చుట్టూ మూగుతారు. నువ్వు దాన్ని దూది కింద దాచిపెట్టుకుంటున్నావు. దేవుడు అద్దం ఉన్నచోట కాదు, అద్దం లేనిచోట అందం పెట్టాడు.

నాకు భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు. డాక్టరు దగ్గరికి వెళితే బరువు తగ్గమన్నాడు. చెవిపోటు అంటే బరువు తగ్గమన్నాడు. రేపు కారు గుద్దినా, "అంత అడ్డంగా ఉంటే గుద్దదా" అంటాడేమో. వాళ్ళకు నా ఒళ్ళు కనపడగానే చూపు అక్కడే ఆగిపోతుంది, భుజం దాకా రాదు.

ఎండకు దాహం మామూలే. నీళ్ళు తాగు, పాత గౌన్లు బిగుతు చేసుకుని దర్జాగా తిరుగు.

నీ పుడక


కుట్టు దుకాణం నుంచి,
మొదటి వానల తర్వాత

పుడకకు,

నీ సలహా దేవుడెరుగు, పాత గౌను వేసుకుని ఒక్కరోజు బయటికి వెళ్ళాను. పాలవాడు, "ఇంట్లో అంతా కులాసాయేనా అమ్మా?" అని చావు పలకరింపు పలకరించాడు. ఇంటికొచ్చి మళ్ళీ దూది తొడుక్కున్నాను.

దూది మహిమ ఇంతింత కాదు. షావుకారమ్మ ఇప్పుడు నన్ను "కూర్చోండి" అంటోంది. నా దుకాణంలో నన్నే కూర్చోమనడం ఏమిటో! ఎదురు కొట్టాయన బజ్జీ బండి దగ్గర నా గురించి, "ఆవిడకు షుగరట, అంత బాగా నడుస్తోంది" అని కుళ్ళుకుంటున్నాడట.

వానలొచ్చినా దాహం పోలేదు. తాగడం, పెరట్లోకి పరుగెత్తడం, ఇదే సరిపోతోంది. దొడ్లో నేను వెళ్ళే మూల చీమలు బారులు కడుతున్నాయి. పక్కింటావిడ చూసి, "చీమలు కూడా మిమ్మల్ని వదలడం లేదండీ" అంది. చూశావా, గౌను వేసుకున్న దగ్గర్నించి చీమలకు కూడా నా మీద గౌరవం పెరిగింది. కత్తెర జారి కాలి మీద చిన్న గాటు పడింది. వాన మొదలైనప్పటి పుండు, ఇంకా పచ్చిగానే ఉంది. డాక్టరుకు చూపిస్తే పైపూత ఇచ్చి, టానిక్కు మానొద్దన్నాడు.

కుట్టు వంకర పోతోంది. నిన్న ఒక చొక్కాకు జేబు ముందుండాల్సింది వీపు మీద వేశాను. కొత్త ఫ్యాషనని చెప్పి గట్టెక్కాను.

వదిన


క్లబ్బు నేలమాళిగ, బట్టలు ఉతికే గది నుంచి,
అదే వారం

వదినకు,

ఇవాళ ఎగతాళి లేదు. పైన రాసిన చిరునామా చూశావు కదా, అది నిజం. మొదటి రెండు ఉత్తరాల మీద రాసింది అబద్ధం. కౌంటరులో నేను నిలబడింది వారం కూడా కాదు. ఊచ నన్ను పక్కకు పిలిచి, "మన గుమ్మంలో ఆరోగ్యం కనపడాలి, ఏమీ అనుకోకు" అని కిందికి పంపింది. ఇక్కడ కిటికీ లేదు. చెమట తువ్వాళ్ళు ఉతికి, ఆరబెట్టి, మడతపెడతాను. మీ అందరి ముందూ నా కౌంటరు పోగొట్టుకోవడం ఇష్టం లేక అలా రాశాను.

ఇంకొకటి దాచాను. నాకు షుగరు ఉంది వదినా. ఇక్కడికొచ్చిన రెండో ఏడే బయటపడింది. ఎవరికీ చెప్పలేదు. మాత్రల సీసా మీద కాగితం చింపేసి తలనొప్పి మందంటాను. పైన క్లబ్బులో వాళ్ళు షుగరు గురించి ఎలా మాట్లాడతారో రోజూ వింటున్నాను. "నోరు కట్టుకోలేనివాళ్ళకు వస్తుంది" అంటారు, ముక్కు మూసుకున్నట్టు. ఇక్కడ అది డబ్బు లేనివాళ్ళ జబ్బు, సిగ్గు. అక్కడ డబ్బున్నవాళ్ళ జబ్బు, దర్జా. కానీ వదినా, చీమలకు ఆ తేడా తెలియదు.

దాహం, పెరటి పరుగులు, మానని పుండు, మసక కళ్ళు, అన్నీ నాకు తెలిసినవే. నేను లావుగా ఉన్నాను కాబట్టి ఇక్కడ అడగకుండానే పరీక్ష చేసి పట్టుకున్నారు. నువ్వు చిక్కిపోతున్నావు కాబట్టి నేను కూడా అదృష్టమన్నాను. నా నోట్లో మన్ను పొయ్య. సన్నవాళ్ళకూ షుగరు వస్తుంది. ఆ టానిక్కు పారబొయ్యి. రేపే వెళ్ళి, "షుగరు పరీక్ష చేయండి" అని గట్టిగా అడుగు. నీ కళ్ళ మీద ఒట్టు, ఆలస్యం చేయకు.

నీ మరదలు


కుట్టు దుకాణం నుంచి,
వానలు తగ్గాక

మరదలికి,

నేలమాళిగలో ఉన్నా నువ్వు నా మేనమామ కూతురివే. కౌంటరు అబద్ధానికి తర్వాత తీరిగ్గా తిడతాను. ముందు జరిగింది విను.

నీ ఉత్తరం చదివి మొదట కిసుక్కున నవ్వాను. మాకు షుగరేమిటి, మా తాహతుకు! తర్వాత పెరట్లోకి వెళ్ళి చీమలను చూశాను. భయం వేసింది.

మామూలు బట్టల్లో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. తలుపు దగ్గర్నించే చూసి, "ఏమ్మా, మళ్ళీ నీరసమేనా?" అన్నాడు. షుగరు పరీక్ష చేయమన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వాడు. "నీకు షుగరా? నీ ఒంట్లో ఏముందని వస్తుందమ్మా? అది తిని కూర్చునేవాళ్ళకు వచ్చే జబ్బు. నువ్వు వెళ్ళి నాలుగు ముద్దలు ఎక్కువ తిను." మళ్ళీ టానిక్కే. ఈసారి పెద్ద సీసా.

ఇంటికొచ్చి కోపంతో ఏడ్చాను. ఏడుస్తుంటే గోడకు తగిలించిన గౌను కనపడింది. మర్నాడు అది తొడుక్కుని, పక్కింటావిడ గొలుసు అడిగి మెడలో వేసుకుని, టాక్సీలో దిగాను. "రండి మేడం, కూర్చోండి. ఇటు ఫ్యాను తిప్పవయ్యా!" అదే మనిషి! నా మొహం మీద నిన్నటి ముక్కే ఉంది, నిన్నటి కళ్ళే ఉన్నాయి. గుర్తుపట్టలేదు. "ఈ మధ్య కాస్త దాహంగా ఉంటోందండీ" అన్నాను షావుకారమ్మ గొంతుతో. షుగరు అనే మాట నేను ఎత్తనే లేదు. "ముందు షుగరు చూద్దాం మేడం. మీలాంటివాళ్ళు జాగ్రత్తగా ఉండాలి" అన్నాడు.

నర్సమ్మ రక్తం తీయడానికి చెయ్యి పైకి మడిస్తే కుట్టు ఊడి దూది ఆవిడ చేతిలోకొచ్చింది. ఆవిడ నన్ను చూసింది, నేను పైకప్పు చూశాను. "మా దూది ఖర్చు మిగిల్చారు" అని గొంతు తగ్గించి అని, తన పని తాను చేసుకుంది.

పరీక్ష కాగితం చూసి డాక్టరు మొహం పాలిపోయింది. షుగరు అంత ఉంది. ఆయన రాసిచ్చిన వైద్యం చెబుతాను విను. తిండి సగానికి సగం తగ్గించాలట, పొద్దున్నే చెమటలు పట్టేలా నడవాలట, ముందు ఈ ఒళ్ళు తగ్గాలట. దూదికి పథ్యం! గుమ్మం బయట నర్సమ్మ నన్ను ఆపి, "ఇది పాటిస్తే మీరు మిగలరు. ఆ గౌను లేకుండా వచ్చి కనపడండి" అంది.

మళ్ళీ వెళ్ళాను. గౌను సంచిలో పెట్టుకుని, కాగితం ఆయన బల్ల మీద పెట్టాను. చదివి, నన్ను చూసి, "ఇది నీకెక్కడిదమ్మా? ఇది నిన్న వచ్చిన మేడంగారిది" అన్నాడు. నాదేనండీ అన్నాను. వినడే! కాగితాలు తారుమారు చేశావని నర్సమ్మ మీద కేకలేశాడు. అప్పుడు సంచిలోంచి గౌను తీసి, ఆయన చూస్తుండగానే బట్టల పైనుంచి తొడుక్కున్నాను. బొత్తాలన్నీ పెట్టుకున్నాను.

"ఇప్పుడు నాదేనా అండీ?"

కాగితం మళ్ళీ చదివాడు. తర్వాత, "కూర్చోండి" అన్నాడు. తల ఎత్తకుండా ఇన్సులిన్ రాసిచ్చాడు. పొడుచుకోవడం నర్సమ్మ నేర్పింది. సూదితో బతికేదాన్ని, నాకు కొత్తేమిటి?

వదిన


బట్టలు ఉతికే గది నుంచి,
ఆకులు రాలే రోజుల్లో

వదినకు,

నీ ఉత్తరం చదివి యంత్రాల మధ్య ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. రెండోసారి చదివితే ఏడుపొచ్చింది. మూడోసారి నీ అక్షరాలు చూశాను. గోళీలంత ఉన్నాయి, వరస తప్పి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. కళ్ళ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదేం? నేను దాచినప్పుడు తిడతానన్నావు. ఇప్పుడు నువ్వు దాస్తున్నావు.

నేను మాత్రం దాచడం మానేశాను. నీ బాడీ విప్పి అవతల పారేశాను, ఏమీ అనుకోకు. ఊచకు కూడా చెప్పేశాను, నాకు షుగరు ఉంది, భోజనం వేళకు నన్ను ఆపొద్దని. ఆవిడ జాలిగా తలాడించి, "నువ్వు కాస్త మెట్లెక్కి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు కదా" అంది. "నేలమాళిగకు లిఫ్టు లేదండీ. రోజంతా తువ్వాళ్ళు మోసుకుంటూ ఎక్కుతూనే ఉన్నాను" అన్నాను. ఆవిడకు ఫోను వచ్చింది, వెళ్ళిపోయింది.

కళ్ళ సంగతి రాయి. ఎగతాళి చేయకుండా రాయి.

మరదలు


కుట్టు దుకాణం నుంచి,
చలి మొదలైన వారం

మరదలికి,

ఇది పక్కింటావిడ చేత రాయిస్తున్నాను. మధ్యలో ఆవిడ గురించి మంచి మాటలు కనపడితే నేను చెప్పినవి కాదని గుర్తుపెట్టుకో.

ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను నిలబడుతుందన్నారు. కంటి డాక్టరు లైటు వేసి చాలాసేపు చూసి, "ఏడాది ముందే షుగరు పట్టుకుని ఉంటే ఇది కూడా దక్కేదమ్మా. ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అని అడిగాడు. "టానిక్కు తాగానండీ" అన్నాను. ఎగతాళి వద్దన్నావు, కానీ ఇందులో ఎగతాళి లేదు, అదే జరిగింది. ఆ రాత్రి గుడ్డల మూట మీద తల పెట్టి బాగా ఏడ్చాను. దుకాణం మూయలేదు. దారం పక్కింటావిడ ఎక్కిస్తుంది, నేను మిషను తొక్కుతాను. మెల్లగానే అయినా కుట్టు ఇప్పుడు తిన్నగా వస్తోంది. కాస్త ఒళ్ళు కూడా పట్టింది, సొంత ఒళ్ళు.

మన డాక్టరుగారు నన్ను "చాలా అరుదైన కేసు" అని అందరికీ చెబుతున్నాడట. అదేమిటో చూద్దామని, నాలాగే పుల్లలా ఉండి, నాలాగే కుండలు ఖాళీ చేసే పక్కింటావిడను పంపాను. టానిక్కుతో తిరిగొచ్చింది. మర్నాడు దూది గౌను ఇచ్చి పంపాను. ఆయన గౌనును చూశాడు. గుర్తుపట్టాడు, ఎందుకు పట్టడు? మొహం కిందికి దించుకుని షుగరు పరీక్ష రాశాడు. ఆవిడకూ ఉంది. తర్వాత ఇస్త్రీ చేసే ఆవిడ వేసుకెళ్ళింది, ఉంది. ఇటుకలు మోసే ఆవిడ వేసుకెళ్ళింది, ఆవిడకు లేదు, బతికిపోయింది. ఇప్పుడు గౌను మా ఇంట్లో ఉండడం లేదు. ఏ ఇంట్లో ఉందో కనుక్కోవడానికే నాకు పొద్దు గడుస్తోంది.

ఇంత జరిగాక ఆయన మారాడని నువ్వు అనుకుంటావేమో. నేనూ అనుకున్నాను. నిన్న పాలవాడి భార్య గౌను దొరక్క మామూలు బట్టల్లో వెళ్ళింది. "ఏమ్మా, నీరసమా?" అని తలుపు దగ్గర్నించే టానిక్కు ఇచ్చి పంపాడు. అదే గౌనుతో వెళితే, అది ఎవరి ఒంటి మీద ఉన్నా, ఎంత వేలాడుతున్నా, "కూర్చోండి" అంటాడు.

రెండో గౌనుకు గుడ్డ కత్తిరిస్తున్నాను.

వదిన